పాపతో ఒక్కదాన్నే విదేశానికి వెళ్తున్నా, మావారి సంతకం కావాలా?

నెలవంక
అందరికీ నమస్కారమండీ. వచ్చే నెల మా పాపని (ఆరేళ్లు) తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. మేమిద్దరమే. మావారు మర్చంట్ నేవీ, ఇప్పుడు ఓడ మీదే ఉన్నారు, దిగడానికి ఇంకా రెండు నెలలకి పైనే పడుతుంది. టికెట్లన్నీ అయ్యాక ఆఫీసులో ఒకావిడ "మీవారి దగ్గర్నుంచి పర్మిషన్ లెటర్ తీసుకున్నావా? లేకపోతే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు" అని బాంబు పేల్చింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా ఇద్దరి మధ్యా గొడవలేం లేవు, ఆ టికెట్లు కొన్నది కూడా ఆయనే! పాప పాస్‌పోర్టుకి అప్లై చేసింది ఆయనే. నా కూతుర్ని నేను తీసుకెళ్లడానికి ఇంకా ఈ లెటర్ ఎందుకు? పాస్‌పోర్టు చాలదా?

కిటికీసీటు
ఆఫీసుల్లో ఇలాంటి వాళ్లు ఒకళ్లుంటారు నెలవంకా, పట్టించుకోకు. నేను ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఒక్కదాన్నే పదకొండు సార్లు తిరిగాను. ఎవరూ నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. హాయిగా వెళ్లిరా.

బూడిదగుమ్మడి
అడక్కపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు కిటికీసీటు గారూ. మా బావమరిది ఇరవై ఏళ్లు లైసెన్స్ లేకుండా బండి నడిపాడు, ఎవరూ అడగలేదు. ఇరవై ఒకటో ఏట అడిగారు.

నెలవంక గారూ, అసలు ఏ దేశం నుంచి ఏ దేశానికో చెప్పకుండా అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు? పాపది ఏ పాస్‌పోర్టు? ఎన్నాళ్లు? ఇంటిపేర్లు ఒకటేనా?

నెలవంక
సారీ అండీ, కంగారులో రాశాను. ఉండేది ఇంగ్లండులో. పాపది బ్రిటిష్ పాస్‌పోర్టు. వెళ్లేది కెనడా, 24 రోజులు. పాపకి వాళ్ల నాన్న ఇంటిపేరు, నా పాస్‌పోర్టులో మాత్రం నా పుట్టింటి పేరే ఉంది, మార్చుకోలేదు.

కిటికీసీటు
చూశావా మరి! ఇంగ్లండులో 28 రోజుల లోపు ట్రిప్పుకి రెండో వాళ్ల పర్మిషన్ అక్కర్లేదు. నీది 24 రోజులు. అయిపోయింది.

నల్లకోటు
అయిపోలేదండీ. నేను ఇక్కడ ఫ్యామిలీ కోర్టు కేసులే చూస్తాను. ఆ 28 రోజుల మాట నెలకొకరైనా నా దగ్గర అంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లో 28 రోజుల వెసులుబాటు ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరికి? భార్యాభర్తలు విడిపోయి, కోర్టుకెక్కి, "పిల్ల ఈమె దగ్గర ఉండాలి" అనో "ఇతని దగ్గర ఉండాలి" అనో చైల్డ్ అరేంజ్‌మెంట్స్ ఆర్డర్ తెచ్చుకున్న వాళ్లకి. ఆ ఆర్డర్ చేతిలో ఉన్న మనిషి 28 రోజుల లోపు పిల్లని బయటికి తీసుకెళ్లి రావచ్చు. సంసారం సాఫీగా సాగుతున్న వాళ్ల దగ్గర అలాంటి ఆర్డర్ ఉండదు, కాబట్టి వాళ్లకి ఈ వెసులుబాటూ లేదు. వినడానికి తిరకాసుగా ఉంటుంది, విడాకులు తీసుకున్నావిడకి ఉన్న వీలు మీకు లేదు మరి.

మీకు వర్తించేది 1984 నాటి చైల్డ్ అబ్డక్షన్ యాక్ట్. పేరు చూసి భయపడకండి. పదహారేళ్ల లోపు పిల్లని, పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ (పిల్ల విషయంలో నిర్ణయాలు తీసుకునే చట్టపరమైన హక్కూ బాధ్యతా) ఉన్న మిగతా వాళ్ల సమ్మతి లేకుండా దేశం దాటిస్తే అది నేరం అంటుంది. ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తల్లికి ఆ బాధ్యత పిల్ల పుట్టగానే వస్తుంది. తండ్రికి పెళ్లి వల్ల వస్తుంది, లేదా 2003 డిసెంబర్ 1 నుంచి నమోదైన జననాల్లో, బర్త్ సర్టిఫికెట్‌లో అతని పేరు ఉంటే వస్తుంది. (ఇదంతా ఇంగ్లండు, వేల్స్ లెక్క. స్కాట్లాండుది వేరు.)

అయితే చట్టం అడిగేది సమ్మతిని, కాగితాన్ని కాదు. మీవారే టికెట్లు కొన్నారంటే ఆయన సమ్మతి ఉన్నట్టే, మీరు ఏ నేరమూ చేయట్లేదు. కాగితం ఎందుకంటే, కౌంటర్లోనో బోర్డర్లోనో నిలబడ్డ కొత్త మనిషికి మీ ఇంటి సంగతులు తెలియవు కాబట్టి.

నెలవంక
హమ్మయ్య. నేరం కాదన్నారు, ఈ రాత్రికి నిద్ర పడుతుంది. మరి పాస్‌పోర్టు సంగతి?

ఒంటరిగువ్వ
దాని గురించి నేను చెప్తాను నెలవంక గారూ, అది నేను మూడేళ్లు పడ్డ పాట్లు. మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ పదహారేళ్ల లోపు పిల్లలకి పాస్‌పోర్టు కావాలంటే అమ్మానాన్నలిద్దరూ ఒప్పుకోవాల్సిందే. ఇద్దరూ పిల్లతో సహా వెళ్లాలి, లేదా రానివాళ్లు డీఎస్-3053 అనే ఫారం మీద నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. బాబు వాళ్ల నాన్న ఎక్కడున్నాడో నాకు తెలీదు. ఫోన్ లేదు, అడ్రస్ లేదు. ఎక్కడున్నాడో తెలియని మనిషితో నోటరీ సంతకం ఎలా పెట్టించను?

ఒక క్లర్కు "ఇద్దరి సంతకం లేకపోతే కుదరదు" అని ఒక్క ముక్కలో పంపించేసింది. అదే నిజం అనుకుని ఏడాదిన్నర ఊరుకున్నా. తర్వాత తెలిసింది, ఇలాంటి వాళ్ల కోసం డీఎస్-5525 అని ఇంకో ఫారం ఉందని. రెండో వాళ్లని వెతకడానికి ఏమేం చేశామో అందులో రాయాలి. పాత నంబర్లకి చేసిన కాల్స్, తిరిగొచ్చిన ఉత్తరం కవరు, వాళ్ల చెల్లెలికి పెట్టిన మెసేజీలు, అన్నీ జత చేశాను. ఆ తిరిగొచ్చిన కవరు పారేయకుండా దాచడమే నేను చేసిన తెలివైన పని. పూర్తి కస్టడీ ఇచ్చిన కోర్టు ఆర్డర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు, అది చూపిస్తే సరిపోతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, పాస్‌పోర్టుకి సంతకం పెట్టారంటే ప్రయాణానికి ఒప్పుకున్నట్టు కాదు. ఈ రెండూ కలిపి చూసే వాళ్లు చాలామంది ఉన్నారు.

బూడిదగుమ్మడి
ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకి కూడా దాదాపు ఇదే వరస. ఇద్దరూ సంతకం పెట్టేది అనెక్షర్ డి అనే ఫారం. ఒకళ్ల సమ్మతి దొరకని పరిస్థితిలో రెండోవాళ్లు ఇచ్చే డిక్లరేషన్ అనెక్షర్ సి. ఒకదాని బదులు ఇంకోటి నింపుకుని వెళ్లి వెనక్కొచ్చిన వాళ్లలో నేనొకణ్ణి.

మాపిల్ఆకు
కెనడా వైపు సంగతి నేను చెప్తా. ఒక పేరెంటుతో వచ్చే పిల్లకి లెటర్ ఉండాలని ఇక్కడ చట్టమేం లేదు. కానీ తెచ్చుకోమని ప్రభుత్వమే గట్టిగా చెప్తుంది, దాని వెబ్‌సైట్‌లో నమూనా కూడా పెట్టింది. బోర్డర్ ఆఫీసర్లు తప్పిపోయిన పిల్లల కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తుంటారు, అడిగే హక్కు వాళ్లకుంది. లెటర్ లేదంటే వెనక్కి పంపేస్తారని కాదు, పక్క గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ఎనిమిది గంటలు విమానంలో కూర్చొచ్చిన పిల్లతో ఆ గదిలో గంట కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మీ ఇంటిపేర్లు కలవట్లేదు కాబట్టి పాప బర్త్ సర్టిఫికెట్ మాత్రం తప్పకుండా పట్టుకురండి. లెటర్‌కి నోటరీ ఉంటే మంచిది, కానీ ఓడ మీద నోటరీ ఎవరు దొరుకుతారు పాపం.

కౌంటర్‌వెనక
ఇక్కడ అందరూ బోర్డర్ గురించే మాట్లాడుతున్నారు. బోర్డర్ దాకా వెళ్లేముందు నన్ను దాటాలి కదండీ :) చెక్-ఇన్ కౌంటర్లో పని చేస్తాను. ఏ దేశానికి ఏ కాగితం కావాలో టైమాటిక్ అనే సిస్టంలో మా స్క్రీన్ మీద కనపడుతుంది. అందులో "తప్పనిసరి" అని ఉంటే మేము కళ్లు మూసుకుని పంపలేం, అక్కడ దింపాక వెనక్కి తెచ్చే ఖర్చు, జరిమానా కంపెనీ నెత్తిన పడతాయి.

అసలు గట్టిగా ఉండేవి వేరే దేశాలు. దక్షిణాఫ్రికా 2015 జూన్ 1 నుంచి పిల్లలకి తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పూర్తి బర్త్ సర్టిఫికెట్, రాని పేరెంటు అఫిడవిట్ ఉండాలని పెట్టింది. అప్పట్లో మా కౌంటర్ల దగ్గర ఏడుపులు మామూలువి కావు. 2019లో విదేశీ పిల్లలకి సడలించారు గానీ, వాళ్ల దేశపు పిల్లలకి రూల్ అలాగే ఉంది. బ్రెజిల్ పౌరసత్వం ఉన్న పిల్ల ఒక పేరెంటుతో దేశం దాటాలంటే రెండోవాళ్ల అనుమతి కావాలి, దాని మీద సంతకాన్ని అక్కడి నోటరీ ధ్రువీకరించాలి. ఫిలిప్పీన్స్ పిల్లలు అమ్మానాన్నలు లేకుండా వెళ్తుంటే సంక్షేమ శాఖ నుంచి ట్రావెల్ క్లియరెన్స్ తెచ్చుకోవాలి.

ఇందులో ఉన్న మెలిక చెప్తాను వినండి. ఒకసారి ఒకతను నాలుగేళ్ల బాబుని భుజాన వేసుకుని వచ్చాడు. బాబు చేతిలో డైనోసార్ బొమ్మ, నిద్రలో జారిపోతుంటే పట్టుకుంటున్నాడు. బాబుకి రెండు పౌరసత్వాలు. ఇతను ఏ రూల్సూ లేని దేశం పాస్‌పోర్టు చూసుకుని ధీమాగా వచ్చాడు. కానీ వాళ్లు బయల్దేరుతున్నది రెండో పౌరసత్వం ఉన్న దేశం నుంచి, ఆ దేశం లెక్కలో బాబు వాళ్ల పిల్లాడే. తల్లి అనుమతి పత్రం లేదు. ఆవిడ ఫోన్లో నాతో మాట్లాడింది, "నాకు అభ్యంతరం లేదండీ, పంపించండి" అంది. ఫోన్లో మాటని నేను ఏ ఫైల్లో పెట్టను? ఆ రోజు వాళ్లు వెళ్లలేదు. పిల్లలకి రెండు పౌరసత్వాలుంటే రెండు దేశాల రూల్సూ చదవండి.

మనవడితాత
అమ్మా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అబ్బాయి, కోడలు ఫ్రాన్సులో ఉంటారు. మనవడికి తొమ్మిదేళ్లు. సెలవుల్లో నేనూ మా ఆవిడా వాణ్ణి బయట దేశానికి తీసుకెళ్దాం అనుకుంటున్నాం. అమ్మానాన్నలు రావట్లేదు. మాకేం కావాలి?

నల్లకోటు
బాబాయిగారూ, ఫ్రాన్సులో ఉండే మైనరు అమ్మానాన్నలెవరూ లేకుండా దేశం దాటాలంటే అక్కడ ఒక ఫారం ఉంది, దాన్ని ఏఎస్‌టీ అంటారు. 2013లో తీసేసి, మళ్లీ 2017 జనవరి 15 నుంచి తెచ్చారు. తల్లో తండ్రో ఒకళ్లు సంతకం పెడితే చాలు, దాంతోపాటు సంతకం పెట్టిన వాళ్ల గుర్తింపు కార్డు కాపీ, మనవడి పాస్‌పోర్టు ఉండాలి. మీరు వెళ్లే దేశం ఇంకేమైనా అడుగుతుందేమో అది విడిగా చూసుకోండి.

నా సలహా అయితే, అబ్బాయీ కోడలూ ఇద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి, జ్వరం వస్తే వైద్యం చేయించే అధికారం మీకిస్తున్నట్టు ఒక వాక్యం అందులో. ఆసుపత్రిలో తాతయ్య అంటే చాలదు.

మనవడితాత
చాలా థాంక్స్ బాబూ. ఆ వైద్యం ముక్క నాకు తట్టలేదు.

ఎదురుచూపు
ఈ పేజీ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మీరందరూ లెటర్ ఉంటే మంచిది అంటున్నారు. నేను ఇచ్చాను. నా భార్య, మా అబ్బాయి మూడు వారాల సెలవుకి వెళ్తున్నారంటే నేనే టైప్ చేసి, నేనే నోటరీ చేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. "నా కుమారుడు తన తల్లితో ప్రయాణించుటకు నాకు అభ్యంతరము లేదు." అంతే. ఎప్పుడు తిరిగొస్తారో రాయలేదు. రాయాలని తోచలేదు. మూడు వారాలు ఆరు వారాలయ్యాయి, తర్వాత "ఇక్కడ స్కూల్లో వేశాను, మేము రావట్లేదు" అని మెసేజ్.

అది జరిగి నాలుగేళ్లు. వాళ్లు వెళ్లిన దేశం హేగ్ ఒప్పందంలో లేదు. అక్కడి కోర్టులో కస్టడీ కేసు వేశాను, అవతలి లాయరు మొదటి రోజే ఆ కాగితం తీసి జడ్జి ముందు పెట్టాడు. "తండ్రే ఒప్పుకుని పంపాడు" అని.

అబ్బాయికి ఇప్పుడు పదకొండు. ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడతాడు. నా భాష తగ్గిపోతోంది వాడి నోట్లో.

ఒంటరిగువ్వ
అన్నా, ఏం రాయాలో తెలియట్లేదు.

నల్లకోటు
ఎదురుచూపు గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. మీ కేసు గురించి ఇక్కడ మాట్లాడను, అది మీ లాయరు పని. హేగ్ అన్నారు కాబట్టి తెలియని వాళ్ల కోసం చెప్తాను.

1980 అక్టోబర్ 25న హేగ్‌లో కుదిరిన ఒప్పందం అది, 1983 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వందకు పైగా దేశాలున్నాయి అందులో. పిల్ల ఎవరికి చెందాలి అన్నది ఆ ఒప్పందం తేల్చదు, దాన్ని ఏ దేశం కోర్టు తేల్చాలి అన్నది మాత్రం చెప్తుంది. పదహారేళ్ల లోపు పిల్లని మామూలుగా ఉంటున్న దేశం నుంచి రెండోవాళ్ల హక్కుని కాదని తీసుకెళ్లినా, ఒప్పుకున్న గడువు దాటాక తిరిగి పంపకుండా అట్టిపెట్టుకున్నా, ముందు ఆ దేశానికి పంపించండి, కస్టడీ గొడవ అక్కడ తేల్చుకోండి అంటుంది. సెలవుకి పంపితే తిరిగి రాకపోవడం రెండో రకం. ఏడాది లోపు కోర్టుకి వెళ్తే తిరిగి పంపించడమే రూలు. ఏడాది దాటితే పిల్ల అక్కడ స్థిరపడింది అన్న వాదన మొదలవుతుంది. అందుకే "కొన్నాళ్లు చూద్దాం, మనసు మారుతుందేమో" అని ఆగిన వాళ్లే నష్టపోతారు.

జపాన్ 2014లో చేరింది. ఇండియా చేరలేదు. ఇండియాలో ఇలాంటి కేసు హైకోర్టులో హేబియస్ కార్పస్‌గానో (అట్టిపెట్టుకున్న మనిషిని కోర్టు ముందుకి తెమ్మని వేసే పిటిషన్), గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కిందో నడుస్తుంది. విదేశీ కోర్టు ఆర్డర్ ఉంటే దాన్నీ చూస్తారు గానీ, పిల్ల క్షేమమే అన్నిటికన్నా పైన అని సుప్రీంకోర్టు 2017లో స్పష్టంగా చెప్పింది.

నిప్పురవ్వ
నాణేనికి రెండో వైపు కూడా ఒకళ్లు చెప్పాలి కదా. ఎదురుచూపు గారిని అనడం లేదు, ఆయన బాధ వేరు. కానీ ఈ ఒప్పందం రాసిన రోజుల్లో పిల్లని ఎత్తుకెళ్లేది తండ్రి అనుకుని రాశారు. ఈ రోజు కోర్టుల ముందుకి వస్తున్న వాళ్లలో ఎక్కువమంది తల్లులు, అందులో దెబ్బలు తిని పారిపోయొచ్చిన వాళ్లున్నారు. పాస్‌పోర్టులు భర్త బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. అలాంటావిడ "మీవారి సమ్మతి పత్రం ఎక్కడ" అన్న ప్రశ్నకి ఏం చెప్పాలి? ఇండియాలో ఈ విషయం మీద వేసిన కమిటీ 2018లో ఇచ్చిన నివేదికలో ఈ ఒప్పందంలోని ముఖ్యమైన నియమాన్ని వ్యతిరేకించడానికి ఇదీ ఒక కారణం.

నల్లకోటు
మీరన్నది నిజం. అందుకే ఒప్పందంలో 13(బి) అనే మినహాయింపు ఉంది. తిరిగి పంపితే పిల్లకి తీవ్రమైన ప్రమాదం అని నిరూపిస్తే కోర్టు పంపక్కర్లేదు. నిరూపించడమే కష్టం. ప్రమాదం ఉందని తేలినా "ఈ జాగ్రత్తలు తీసుకుని పంపిద్దాం" అని కోర్టులు మెలికలు పెట్టేవి. 2022లో అమెరికా సుప్రీంకోర్టు, అలాంటి ప్రతి జాగ్రత్తనీ పరిశీలించి తీరాలన్న నియమం లేదు అంది. కొంత మేలు.

నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకి ఒకటే చెప్తాను. పారిపోయేముందు లాయర్ని కలవండి. రెండోవాళ్లు ఒప్పుకోకపోతే కోర్టునే అనుమతి అడగొచ్చు, ఇంగ్లండులో దాన్ని స్పెసిఫిక్ ఇష్యూ ఆర్డర్ అంటారు. ఎదుటి వాళ్లు తీసుకెళ్లిపోతారని భయముంటే ప్రొహిబిటెడ్ స్టెప్స్ ఆర్డర్. ఈ రోజో రేపో విమానం ఎక్కించేస్తారని గట్టి అనుమానం ఉంటే పోలీసులు పోర్ట్ అలర్ట్ (ఎయిర్‌పోర్టుల్లో, ఓడరేవుల్లో పిల్లని ఆపమనే హెచ్చరిక) పెట్టగలరు. ఆస్ట్రేలియాలో అయితే ఫ్యామిలీ లా వాచ్‌లిస్ట్ అని ఉంది, అందులో పేరున్న పిల్ల ఎయిర్‌పోర్టు దాటదు. అమెరికాలో పిల్ల పేరు మీద ఎవరైనా పాస్‌పోర్టుకి అప్లై చేస్తే తల్లిదండ్రులకి కబురు చేసే ప్రోగ్రాం ఉంది, కానీ అప్పటికే ఉన్న పాస్‌పోర్టు మీద వెళ్లిపోతే అది ఆపలేదు.

నిప్పురవ్వ
లాయర్ని కలవడానికి ఇంట్లోంచి గంట బయటపడగలిగిన వాళ్లకి మీ సలహా బాగుంటుంది. సరే, అది వేరే చర్చ.

మోడరేటర్
అవును, అది వేరే చర్చే, విడిగా మొదలుపెడితే నేనూ చదువుతాను. ఇంకో మాట: ఒక సభ్యురాలు వాళ్ల బాబు పాస్‌పోర్టు ఫొటో నంబర్‌తో సహా ఇక్కడ పెట్టారు, తీసేశాను. దయచేసి పిల్లల కాగితాలు ఎవరూ పెట్టకండి.

నెలవంక
ఎదురుచూపు గారు రాసింది చదివాక నా టెన్షన్ చాలా చిన్నదనిపించింది. నిన్న మావారితో మాట్లాడాను, సిగ్నల్ నాలుగు నిమిషాలే దొరికింది. తొమ్మిది రోజుల్లో పోర్టుకి చేరతారట. అక్కడ ప్రింటు తీసి సంతకం పెట్టి పంపుతానన్నారు. "ఏం రాయాలో నువ్వే పంపు, నాకు లెటర్లు రాయడం రాదు" అన్నారు. నల్లకోటు గారూ, నమూనా ఏదైనా ఇస్తారా? నోటరీ లేకపోతే పర్వాలేదా? కెప్టెన్ గారు సంతకం పెడితే పనికొస్తుందా?

నల్లకోటు
కెప్టెన్ సంతకం సాక్షి సంతకమే అవుతుంది, నోటరీ కాదు. కానీ ఇంగ్లండు నుంచి బయల్దేరడానికి నోటరీ కావాలన్న రూలు లేదు, కెనడా కూడా నోటరీ ఉంటే మంచిదంటుందే గానీ తప్పనిసరి అనదు. ముక్కూ మొహం తెలియని సాక్షి కన్నా కెప్టెన్ నయం. ఓడ ముద్ర కూడా వేయించండి.

ఇంగ్లీషులో రాయండి. సారాంశం ఇలా ఉంటే చాలు:

"నేను, (పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు), (పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు)కి తండ్రిని. నా కూతురు తన తల్లి (పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు)తో కలిసి ఫలానా తేదీన ఇంగ్లండు నుంచి బయల్దేరి కెనడా వెళ్లి, ఫలానా తేదీన ఇంగ్లండు తిరిగి రావడానికి నేను సమ్మతిస్తున్నాను. కెనడాలో వీళ్లు ఉండే చిరునామా ఇది. ఈ ప్రయాణం సెలవుల కోసం మాత్రమే, పాప నివాసం ఇంగ్లండులోనే. తల్లి అవసరమైన వైద్యం చేయించవచ్చు. నేను ఓడ మీద పనిచేస్తున్నాను, నన్ను సంప్రదించాల్సిన ఈమెయిల్, ఫోన్ ఇవి."

తిరిగొచ్చే తేదీ, "సెలవుల కోసం మాత్రమే", "నివాసం ఇంగ్లండులోనే". ఈ మూడూ మీవారి రక్షణ కోసం. మీకు ఇప్పుడు అక్కర్లేదనిపించవచ్చు, అయినా రాయండి. దీంతోపాటు ఆయన పాస్‌పోర్టు ఫొటో పేజీ కాపీ, పాప బర్త్ సర్టిఫికెట్, మీ మ్యారేజ్ సర్టిఫికెట్. అన్నీ చేతి బ్యాగులో. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టి బోర్డర్లో "లోపల ఉన్నాయి సార్" అన్న వాళ్లని చూశాను.

ఎదురుచూపు
ఆ మూడు ముక్కలూ నాకు నాలుగేళ్ల క్రితం ఎవరూ చెప్పలేదు. తప్పకుండా రాయించమ్మా.

కిటికీసీటు
నల్లకోటు గారూ, 28 రోజుల విషయంలో తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కానీ పదకొండు సార్లు ఎవరూ అడగలేదన్నది మాత్రం నిజం :)

*(ఏడు వారాల తర్వాత)*

నెలవంక
అందరికీ నమస్తే! వెళ్లొచ్చేశాం. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

లెటర్ సమయానికే వచ్చింది. కింద కెప్టెన్ సంతకం, ఓడ పేరుతో నీలం రంగు గుండ్రటి ముద్ర. ముద్ర కొంచెం అలుక్కుపోయింది. ఇంగ్లండులో చెక్-ఇన్ దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. కౌంటర్‌వెనక గారూ, మీ వాళ్లు నవ్వి పంపేశారు.

కెనడాలో దిగాక ఆఫీసర్ రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు, ఇంటిపేర్లు చూసి ఆగాడు. నన్నేం అడగలేదు. కౌంటర్ మీంచి వంగి పాపనే అడిగాడు, ఈమె ఎవరు అని. "అమ్మ" అంది. నాన్న ఎక్కడున్నాడు అన్నాడు. మా పిల్ల చాలా సీరియస్‌గా "నీళ్లల్లో ఉన్నాడు" అంది. ఆ ఆఫీసర్ మొహం చూడాలి మీరు! పాపం నా వైపు జాలిగా చూశాడు, నేను పోయిన వాళ్ల భార్యననుకున్నట్టున్నాడు. గబగబా లెటర్ తీసి ఇచ్చాను. ఓడ ముద్ర చూశాక అర్థమై నవ్వాడు, పక్క కౌంటర్ అతనికి కూడా చూపించాడు. రెండు నిమిషాల్లో బయటపడ్డాం.

తర్వాత అక్కా వాళ్ల చిన్నోడికి చికెన్‌పాక్స్, వాడి దగ్గర్నుంచి మా పాపకి. టికెట్లు ఐదు రోజులు వెనక్కి జరపాల్సొచ్చింది. లెటర్లో తిరిగొచ్చే తేదీ దాటిపోతోంది కదా, ఎదురుచూపు గారు రాసింది గుర్తొచ్చి ఆ రాత్రే మావారికి మెయిల్ పెట్టాను. పాపకి ఇలా ఉంది, ఫలానా తేదీకి మారుస్తున్నాం, సరేనా అని. మర్నాడు "సరే, డాక్టరు చీటీ దాచిపెట్టు" అని జవాబొచ్చింది. రెండూ ప్రింటు తీసి లెటర్‌కి పిన్ చేశాను. వచ్చేటప్పుడు ఇంగ్లండు బోర్డర్లో బర్త్ సర్టిఫికెట్ మాత్రం అడిగారు.

కిటికీసీటు
అంటే మొత్తం 29 రోజులు! 28 దాటేశావుగా నెలవంకా.

నల్లకోటు
కిటికీసీటు గారూ, ఆవిడకి ఆ 28 మొదట్నుంచీ లేదండీ.

కిటికీసీటు
తెలుసులెండి, ఊరికే అన్నా. ఇంతకీ ఆ నమూనా నాకు ఇంగ్లీషులో పంపగలరా? వచ్చే శుక్రవారం పిల్లలతో బయల్దేరుతున్నాను, పన్నెండోసారి.